వెలుగు, కూర్పు, సహృదయ విమర్శ: ఖమ్మం - భద్రాద్రి అటవీ సరిహద్దు ఛాయాచిత్రాల పరిశీలన

విషయ క్రమం
1. లక్ష్యాలు
2. పరిచయం
3. వర్ణన నుంచి ఛాయాచిత్రం దాకా
4. వెలుగు
5. కూర్పు
6. పెన్సిలు గీత: ఒక విమర్శకుడి పొరపాటు
7. సహృదయ విమర్శ పద్ధతి
8. దృశ్యంలో మనుషులు, దృశ్యం వెనక మనుషులు
9. సారాంశం
10. ముఖ్య పదాలు
11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ప్రకృతి దృశ్య ఛాయాచిత్రంలో వెలుగు నిర్వహించే పాత్రను మీ ప్రాంతపు ఉదాహరణలతో వివరించగలరు.
• ఒక ఛాయాచిత్రం కూర్పులోని గుణదోషాలను కారణాలతో సహా చెప్పగలరు.
• తోటి అభ్యాసకుడి చిత్రాన్ని అతని ఉత్సాహం చెడకుండా, నిజం దాచకుండా విమర్శించగలరు.
• ప్రకృతి దృశ్యాన్ని చిత్రించేటప్పుడు అక్కడి మనుషుల పట్ల పాటించవలసిన బాధ్యతను గుర్తించగలరు.

2. పరిచయం

ఇంతకు ముందు భాగాల్లో కవితను, కథను, చిత్రలేఖనాన్ని ఎలా విమర్శించాలో తెలుసుకున్నారు. ఈ భాగంలో విమర్శకు తీసుకొన్న వస్తువు మీ జేబులోనే ఉంది. ఫోను లేని అభ్యాసకుడు ఇవాళ అరుదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారిని గమనించండి. అడవి మొదలు కాగానే నలుగురైదుగురి ఫోనులు పైకి లేస్తాయి. తీసిన ఫోటోలు చాలావరకు ఇంటికి చేరేసరికి తీసినవారికే నచ్చవు. "కంటికి ఎంత బాగా కనబడింది! ఫోటోలో ఏమీ లేదు" అంటారు.

ఈ అసంతృప్తే విమర్శకు తొలి మెట్టు. కంటికి కనబడినదానికీ ఫోటోలో మిగిలినదానికీ మధ్య ఏం జారిపోయిందో చెప్పగలిగితే మీరు విమర్శకులు. వచ్చేసారి దాన్ని జారిపోకుండా పట్టుకోగలిగితే మీరు ఛాయాచిత్రకారులు. ఈ రెండు పనులూ వేరువేరు కావని చూపటమే ఈ భాగం ఉద్దేశం.

ఉదాహరణలన్నీ ఒకే ప్రాంతానివి. ఖమ్మం మైదానం ముగిసి టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు పెరిగే అడవి మొదలయ్యే సరిహద్దు అది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లాగా ఏర్పడింది. జిల్లా గీత మారినా వెలుగు మారలేదు. పరిశీలించిన చిత్రాలు వేర్వేరు కాలాల్లో అభ్యాసకులు తెచ్చి చూపినవి. వారి పేర్లు ఇక్కడ అవసరం లేదు కనక ఇవ్వటం లేదు.

3. వర్ణన నుంచి ఛాయాచిత్రం దాకా

ప్రకృతి దృశ్యాన్ని కళావస్తువుగా చూడటం మనకు కెమెరాతో వచ్చిన అలవాటు కాదు. ప్రబంధంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనల్లో పర్వతం, సముద్రం, రుతువులు, సూర్యోదయం, చంద్రోదయం, ఉద్యానవనం ఉన్నాయి. కవికి ఇవి విడిగా నిలిచే అందాలు కావు. కథలో ఒక సందర్భానికి, ఒక పాత్ర మనఃస్థితికి అవి తోడు నిలవాలి. సందర్భం లేని సూర్యోదయ వర్ణనను ఆలంకారికులు మెచ్చుకోలేదు. ఔచిత్యం అనే మాట పుట్టింది ఇలాంటి చోటే.

చిత్రలేఖనంలో రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు (1897-1925) గోదావరి సీమను, అక్కడి మనుషులను కలిపి చూసిన తొలి ఆధునిక ఆంధ్ర చిత్రకారుల్లో ముఖ్యుడు. ఛాయాచిత్రకళలో హైదరాబాదు రాజ్యానికి రాజా దీన్‌దయాళ్ (1844-1905) పేరు ముందు వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడాయన. ఆనాటి కెమెరాలు బరువైనవి, గాజు పలకల మీద బొమ్మ పడేది. ఒక్కో పలకా విలువైనది కావటంతో, ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు తీయాలి అన్నది ముందే తేల్చుకోవలసి వచ్చేది. మనకు ఫోటో ఉచితమైంది కాబట్టి ఆ ఆలోచన కరవైంది.

ప్రపంచంలో ఇప్పటికి నిలిచి ఉన్న అత్యంత పాత కెమెరా ఛాయాచిత్రం కూడా ఒక దృశ్యమే. ఫ్రాన్స్‌లో నీసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుంచి తీశాడు. బొమ్మ పడటానికి గంటల తరబడి సమయం పట్టింది. ఈలోగా సూర్యుడు తూర్పు నుంచి పడమటికి జరగటంతో భవనాలకు రెండు వైపులా ఎండ పడినట్టు కనిపిస్తుంది. అది ఉదయమా, సాయంత్రమా చెప్పలేం. వెలుగుకు దిక్కు లేకపోతే దృశ్యానికి వేళ ఉండదు అనే పాఠాన్ని మొట్టమొదటి చిత్రమే మనకు చెబుతోంది.

4. వెలుగు

4.1 సూర్యుడి దారి

భద్రాచలం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క అంకె నుంచి ఛాయాచిత్రకారుడికి పనికివచ్చే సంగతులు చాలా తెలుస్తాయి.

మొదటిది, మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదికి వస్తాడు. చెట్టు నీడ చెట్టు కిందే ముడుచుకుపోతుంది. కొండకు మడతలు కనబడవు, ఆకులు తెల్లగా మెరుస్తాయి, మనిషి కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అందుకే చలికాలంలో పగలు చాలాసేపు పనికివచ్చే వెలుగు ఉంటుంది.

రెండోది, సూర్యుడు ఎప్పుడూ సరిగ్గా తూర్పునే ఉదయించడు. జూన్ చివర తూర్పుకు ఉత్తరంగా సుమారు 25 డిగ్రీలు, డిసెంబరు చివర దక్షిణంగా అంతే జరుగుతాడు. మొత్తం తేడా 50 డిగ్రీలకు దగ్గర. భద్రాచలం దగ్గర గోదావరి స్థూలంగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది. ఊరు ఎడమ ఒడ్డున, అంటే ఈశాన్యం వైపు ఉంది. స్నాన ఘట్టం నుంచి చూస్తే ఎదుటి ఒడ్డు నైరుతి దిక్కు. అందువల్ల డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యాస్తమయం నది మీద పడుతుంది. జూన్‌లో అదే చోట నిలబడితే సూర్యుడు బాగా కుడి పక్కకు జరిగిపోతాడు. "పోయిన పండక్కి భలే వచ్చింది, ఈసారి రాలేదు" అనే అభ్యాసకుడి తప్పు కెమెరాలో లేదు, పంచాంగంలో ఉంది.

మూడోది, సంధ్యవేళ మనకు చాలా చిన్నది. సూర్యుడు అస్తమించాక ఆకాశంలో ఉపయోగపడే వెలుగు ఉండేది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. ఐరోపా ఉత్తర దేశాల పుస్తకాలు గంటల తరబడి సాగే సంజ వెలుగు గురించి చెబుతాయి. అది ఇక్కడ దొరకదు. ట్రైపాడు విప్పి, చోటు వెతుక్కొనేలోగా చీకటి పడుతుంది. కాబట్టి సూర్యాస్తమయానికి కనీసం అరగంట ముందే చోటు కుదుర్చుకోవాలి.

పరికరమేదీ లేకుండా వెలుగును కొలిచే పద్ధతి ఒకటుంది. మీ నీడను చూడండి. నీడ మీకంటే పొడవుగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల కంటే కింద ఉన్నట్టు. మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇది ఇంచుమించు ఉదయం తొమ్మిదింపావు దాకా, తిరిగి మధ్యాహ్నం మూడు తరవాత ఉంటుంది. నీడ మీకు నాలుగింతలుంటే అది సూర్యోదయమై గంట అయిన వేళ, లేదా అస్తమయానికి గంట ముందు వేళ. దృశ్య చిత్రాలకు ఇంతకంటే మంచి సమయం లేదు.

4.2 రుతువులు

వేళతోపాటు రుతువు కూడా వెలుగును మారుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూస్తుంది. ఆకు రాల్చిన అడవిలో ఆ ఎరుపు దూరానికే తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో టేకు చెట్లు మోడుగా నిలబడతాయి. కొమ్మల గీతలు స్పష్టంగా కనబడతాయి కనక నలుపు తెలుపు చిత్రాలకు అది మంచి కాలం. మేలో దుమ్ము, వేడి కలిసి దూరపు కొండలను చెరిపేస్తాయి. వానలు వెనక్కి తగ్గే సెప్టెంబరు, అక్టోబరుల్లో గాలి కడిగినట్టుంటుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నీటి మీద మంచు లేస్తుంది.

4.3 చిత్ర పరిశీలన - 1: కిన్నెరసాని ఉదయం

ఒక అభ్యాసకురాలు కిన్నెరసాని జలాశయం ఒడ్డున సూర్యోదయం తీసింది. సూర్యుడు ఒక తెల్లటి రంధ్రంలా ఉన్నాడు. చుట్టూ ఆకాశం కూడా తెల్లబడింది. ఒడ్డున ఎండిన చెట్టు ఉంది కానీ అది పొగలో కలిసినట్టు బూడిద రంగులో ఉంది. నీటికీ ఆకాశానికీ మధ్య గీత సరిగ్గా చిత్రం నడిమధ్య ఉంది.

ముందు గుణం చెప్పుకుందాం. ఆమె తెల్లవారకముందే అక్కడికి చేరింది. ఎండిన చెట్టును వదిలెయ్యకుండా చట్రంలోకి తెచ్చుకొంది. చూపు ఉంది.

ఇక లోపం. మన కన్ను ప్రకాశవంతమైన ఆకాశాన్నీ చీకటి ఒడ్డునూ ఒకదాని తరవాత ఒకటి చూసుకొని సర్దుకుంటుంది. కెమెరా రెంటినీ ఒకేసారి, ఒకే కొలతతో చూడాలి. చీకటి చెట్టును చూసి ఫోను వెలుగును పెంచింది, ఆకాశం తెల్లబడిపోయింది. తెల్లబడిన చోట వివరమే నమోదు కాదు. తరవాత ఎంత దిద్దినా లేని వివరం తిరిగి రాదు. నీడల్లో మాత్రం కొంత వివరం దాగి ఉంటుంది, దిద్దినప్పుడు బయటికి వస్తుంది. అందుకే డిజిటల్ చిత్రంలో వెలుగున్న భాగాన్ని కాపాడుకోవటం మొదటి సూత్రం. ఫోను తెర మీద ఆకాశాన్ని వేలితో నొక్కి పట్టి, వేలిని కిందికి జరిపితే చాలా ఫోన్లలో చిత్రం చీకటవుతుంది. అప్పుడు చెట్టు నల్లటి ఆకృతిగా నిలబడుతుంది. ఎండిన చెట్టుకు కావలసింది ఆ ఆకృతే.

రెండో మార్గం ఇంకా సులువు. సూర్యుడు రాకముందు పదిహేను నిమిషాలకు తీయటం. అప్పుడు ఆకాశానికీ నీటికీ వెలుగులో తేడా తక్కువ. మరునాడు ఆమె అలాగే తీసింది. సూర్యుడు లేని ఆ చిత్రంలోనే సూర్యోదయం ఉంది. ధ్వని అంటే ఏమిటో ఆలంకారిక శాస్త్రంలో చదివారు కదా, ఇది దానికి దృశ్య ఉదాహరణ.

అనుభవం ఎంతటి పని చేస్తుందో చెప్పటానికి అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ ఉదంతం చాలు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం చూసి కారు ఆపాడు. వెలుగును కొలిచే మీటరు సమయానికి దొరకలేదు. చంద్రుడి ప్రకాశం ఎంతో తనకు ముందే తెలుసు కనక దాని నుంచి లెక్క వేసి తీశాడు. రెండో పలక సిద్ధం చేసేలోగా సమాధుల మీది శిలువల నుంచి ఎండ జారిపోయింది. ఆ తరవాత దశాబ్దాల పాటు అదే నెగటివ్ నుంచి ఆకాశాన్ని మరింత నల్లగా చేస్తూ ప్రింట్లు వేశాడు. తీయటం ఒక క్షణం, చూడటం జీవితకాలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
సూచన: ఖాళీ కాగితం మీద అయిదారు వాక్యాల్లో సమాధానం రాసి, పై పాఠంతో సరిచూసుకోండి.
మీ ఊళ్లో మీరు ఎక్కువగా ఫోటో తీసే చోటు ఏ దిక్కుకు అభిముఖంగా ఉంది? అక్కడ వెలుగు ఏ నెలలో, ఏ వేళకు బాగుంటుంది? ఎందుకు?

5. కూర్పు

కాంపోజిషన్ అనే మాటకు ఈ భాగంలో కూర్పు అని వాడుతున్నాం. ఏది చట్రంలో ఉండాలి, ఏది ఎక్కడ ఉండాలి, ఏది ఉండకూడదు అనే మూడు నిర్ణయాలే కూర్పు.

చట్రాన్ని నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైన వస్తువును ఆ గీతలు కలిసే చోట ఉంచమనే సూత్రం మీరు వినే ఉంటారు. ఫోనులో గళ్లు కనబడేలా పెట్టుకొంటే దిగంత రేఖ వాలిపోకుండా కూడా చూసుకోవచ్చు. అయితే ఇది వ్యాకరణం వంటిది. వ్యాకరణం తెలిసినంత మాత్రాన కవిత్వం రాదు. చట్రం నడుమ ఎందుకు పెట్టకూడదో తెలిసినవాడు, అవసరమైనప్పుడు నడుమనే పెడతాడు. నిశ్చలమైన నీటిలో కొండ నీడ పూర్తిగా కనబడితే దిగంత రేఖ మధ్యలో ఉండటమే ఉచితం.

5.1 చిత్ర పరిశీలన - 2: స్నాన ఘట్టం, వంతెన

భద్రాచలం స్నాన ఘట్టం నుంచి తీసిన చిత్రం ఇది. మెట్లు, భక్తులు, పడవ, 1965లో ప్రారంభమైన వంతెన, ఎదుటి ఒడ్డు, మేఘాలు అన్నీ ఉన్నాయి. అభ్యాసకుడికి దేన్నీ వదులుకోవటం ఇష్టం లేదు. అందువల్ల ఏదీ మిగల్లేదు.

ఇక్కడ సూచన ఏమిటంటే, ఈ చిత్రానికి కర్త ఎవరో తేల్చుకోవాలి. ఒక వాక్యానికి ఆరుగురు కర్తలుంటే అన్వయం కుదరనట్టే, ఒక చిత్రానికి ఆరు ముఖ్య వస్తువులుంటే చూపు నిలవదు. వంతెన కర్త అయితే, దాని స్తంభాల వరస ఒడ్డు నుంచి దూరానికి సన్నబడుతూ పోయేలా పక్కనుంచి తీయాలి. ఆ వరస చూపును ఎదుటి ఒడ్డుకు తీసుకుపోతుంది. పడవ కర్త అయితే మెట్లు దిగి నీటి అంచున కూర్చోవాలి. అప్పుడు పడవ వెనక నీరే ఉంటుంది, జనం ఉండరు. మన అభ్యాసకులు తీసే ఫోటోల్లో నూటికి తొంభై నిలబడి, కంటి ఎత్తు నుంచి తీసినవే అని నా అనుభవం. కూర్చోవటం, నాలుగడుగులు పక్కకు జరగటం ఏ ఖరీదైన లెన్సూ ఇవ్వలేని మార్పు ఇస్తాయి.

5.2 చిత్ర పరిశీలన - 3: మోదుగ

ఇల్లెందు వైపు దారిలో తీసిన మోదుగ చెట్టు చిత్రం. తీసినవాడు రంగును బాగా పెంచాడు. పువ్వులన్నీ కలిసి ఒకే ఎర్రటి ముద్ద అయ్యాయి. ఆకాశం నీలిమందు కలిపిన నీళ్లలా ఉంది.

ఇందులో రెండు తప్పులున్నాయి. గాఢమైన ఎరుపు, నారింజ రంగుల్లో కెమెరా ఎరుపును నమోదు చేసే హద్దు తొందరగా దాటిపోతుంది. రేకుల మధ్య తేడాలు చెరిగిపోతాయి. కొంచెం చీకటిగా తీస్తే రేకు రేకుకూ నీడ దక్కుతుంది. ఇది సాంకేతిక దోషం. రెండోది రుచి దోషం. మోదుగ అందం దాని ఎరుపులో మాత్రమే లేదు. చుట్టూ ఉన్న ఎండుగడ్డి, మోడు చెట్లు, బూడిద రంగు నేల వల్ల ఆ ఎరుపుకు విలువ. పక్కనున్న నిరాడంబరమైన రంగులను కూడా అరిపిస్తే కచేరిలో అందరూ ఒకేసారి ఎత్తుగా పాడినట్టుంటుంది.

5.3 చిత్ర పరిశీలన - 4: పాపికొండలు, మరొకరి కళ్లు

లాంచీ మీద నుంచి పాపికొండల చిత్రాలు తీసుకురాని బృందం లేదు. వాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది. బాపు తీసిన 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' (2006) చిత్రాల కథలు రెండూ గోదావరి మీద భద్రాచలానికి సాగే పడవ ప్రయాణాలే. ఆ దృశ్యాలు మన మనసుల్లో ముద్రపడ్డాయి. లాంచీ ఎక్కిన అభ్యాసకుడు తెలియకుండానే ఆ చట్రాలను వెతుకుతాడు. దొరికితే తీస్తాడు, దొరకకపోతే నిరాశపడతాడు.

అనుకరణ తప్పు కాదు, అభ్యాసానికి అది మొదటి మెట్టు. కానీ సినిమాలో ఆ దృశ్యానికి కథ ఉంది, పాట ఉంది. మీ చిత్రానికి ఆ తోడు లేదు. నేను చూసిన ఇరవై ముప్ఫై చిత్రాల్లో గుర్తుండిపోయినది ఒకటే. ఒక అమ్మాయి కొండల మూడు వరసలను తీసింది. దగ్గరి వరస ముదురు ఆకుపచ్చ, దాని వెనకది నీలి బూడిద, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయేంత లేత. గాలిలోని తేమ దూరాన్ని ఇలా రంగుగా మారుస్తుంది. చట్రం అంచున లాంచీ రెయిలింగు మీద ఆరేసిన తడి తువ్వాలు ఉంది. "అది పొరపాటున వచ్చింది సార్, తీసేయమంటారా?" అని అడిగింది. వద్దన్నాను. తువ్వాలు లేకపోతే ఆ కొండలు అందరివీ. తువ్వాలుతో అది ఆమె చేసిన ప్రయాణం.

ఆ మాట చెప్పగలగటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎందుకో కింది విభాగంలో చెబుతాను.

6. పెన్సిలు గీత: ఒక విమర్శకుడి పొరపాటు

చాలా ఏళ్ల కిందటి మాట. ఇంకా ఫిల్ము రోజులు. ఒక ఆదివారం తరగతికి అటవీ గ్రామం నుంచి వచ్చే ఒక విద్యార్థి పోస్టుకార్డంత ప్రింటు తెచ్చాడు. ముప్ఫయ్యారు ఫోటోల రీలు కడిగించటమే అతనికి ఖర్చు. సాయంకాలం. తాటిచెట్ల వరస. చట్రం పై సగాన్ని అడ్డంగా కోస్తూ ఎత్తయిన విద్యుత్ టవర్లు, లావుపాటి తీగలు.

నేను చేతిలో పెన్సిలుతో ఆ తీగల మీద అడ్డంగా గీత గీశాను. "ఇవి చిత్రాన్ని పాడుచేశాయి. పది అడుగులు పక్కకు జరిగితే తీగలు లేకుండా వచ్చేది" అన్నాను. తరగతిలో కొందరు నవ్వారు. అతను "మా ఊరు అక్కడే సార్" అని మాత్రం అని కూర్చున్నాడు. ఆ తరవాత తరగతులకు వచ్చాడు, పరీక్ష రాశాడు, కానీ మళ్లీ ఏ ఫోటో తేలేదు. ప్రింటు కూడా అడగలేదు.

ఉద్యోగ విరమణ తరవాత పుస్తకాలు సర్దుతుంటే అది బయటపడింది. ఈసారి తీరిగ్గా చూశాను. చట్రం అడుగున, తాటిచెట్ల కింద, గడ్డి కప్పు ఇల్లు ఒకటి ఉంది. దాని గుమ్మంలో చిన్న పసుపు చుక్క. కిరసనాయిలు బుడ్డి. తీగలు ఇంటి మీదుగా వెళ్లిపోతున్నాయి. ఇంటికి ఒక్క తీగ కూడా దిగలేదు.

చిత్రమంతా ఆ పసుపు చుక్కకూ ఆ తీగలకూ మధ్య ఉంది. అతను దాన్ని చూశాడు, వేళ చూసుకొని బుడ్డి వెలిగే దాకా ఆగాడు, రెండూ ఒకే చట్రంలో పట్టేచోట నిలబడ్డాడు. వెలుగు, కూర్పు, ఔచిత్యం మూడూ కుదిరాయి. పాఠం చెబుతున్న నాకే అది కనబడలేదు. పది అడుగులు జరగవలసింది అతను కాదు, నేను.

నా పెన్సిలు గీత ఇప్పటికీ ఆ ప్రింటు మీద ఉంది. చెరిపితే కింది రంగు కూడా పోతుందని అలాగే ఉంచాను.

ఈ ఉదంతం నుంచి విమర్శకుడు నేర్చుకోవలసినవి రెండు. దోషం అనిపించినదాన్ని దోషమని ప్రకటించే ముందు, అది ఉద్దేశపూర్వకమేమో అడగాలి. చట్రంలోని ప్రతి మూలనూ చూసేదాకా నోరు విప్పకూడదు. నేను ఆ రోజు చూసింది చిత్రాన్ని కాదు, సూత్రాన్ని.

7. సహృదయ విమర్శ పద్ధతి

మన ఆలంకారికులు ఉత్తమ పాఠకుణ్ణి సహృదయుడు అన్నారు. కవి హృదయంతో సమానమైన హృదయం కలవాడని దాని అర్థం. మెచ్చుకొనేవాడని అర్థం కాదు. కవి ఎక్కడ నిలబడి చూశాడో అక్కడికి వెళ్లి నిలబడి చూడగలవాడు. స్నేహపూర్వక విమర్శకు ఇంతకంటే మంచి నిర్వచనం లేదు.

ఛాయాచిత్ర సంఘాలు మొదటి నుంచీ ఈ పరస్పర పరిశీలన మీదే పెరిగాయి. లండన్‌లో 1853లో, బొంబాయిలో 1854లో ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. ఒకరి ప్రింట్లను మరొకరు చూసి మాట్లాడుకోవటం వాటి పని. మీ అధ్యయన కేంద్రంలో నలుగురు కలిస్తే అదే ఒక సంఘం. కింది క్రమాన్ని పాటించండి.

ఒకటి: ముందు మౌనం. చిత్రాన్ని ఒక నిమిషం పాటు మాట్లాడకుండా చూడాలి. నాలుగు మూలలూ చూడాలి.

రెండు: కనబడినది చెప్పటం. బాగుంది, బాగాలేదు అనకుండా ఏమేమి ఉన్నాయో, చూపు మొదట ఎక్కడ పడిందో, తరవాత ఎక్కడికి వెళ్లిందో చెప్పాలి. తీసినవారికి ఇదే అన్నిటికంటే ఎక్కువ ఉపయోగం. తాను ఇప్పపూలు ఏరుకొంటున్న ముసలమ్మను తీశాననుకొంటే, నలుగురూ వెనకనున్న మోటారు సైకిలును ముందు చూశారని తెలిస్తే చాలు, ఇక ఎవరూ తప్పు చెప్పనక్కర్లేదు.

మూడు: అడగటం. "నువ్వు ఏం చూపించదలిచావు?" అనే ప్రశ్న. నేను ఆ రోజు అడగనిది ఇదే.

నాలుగు: ఉద్దేశానికీ ఫలితానికీ మధ్య దూరాన్ని చెప్పటం. లోపాన్ని మనిషికి కాక చిత్రానికి అంటగట్టాలి. "నీకు వెలుగు తెలియదు" అనటం తీర్పు. "ఈ మూల తెల్లబడి చూపును లాగేస్తోంది" అనటం విమర్శ.

అయిదు: చేయదగిన ఒక్క సూచన ఇవ్వటం. పది సూచనలు ఇస్తే ఒక్కటీ గుర్తుండదు. రేపు ఉదయమే చేసి చూడగలిగినదై ఉండాలి.

స్నేహం పేరుతో అబద్ధం చెప్పటం కూడా అపకారమే. "సూపర్ అన్నా" అనే మాట వల్ల ఎవరి చిత్రమూ బాగుపడలేదు. కటువుగా అన్నమాట ఒకరిని ఆపేస్తుంది, ఉత్త పొగడ్త ఇంకొకరిని ఉన్నచోటే ఉంచేస్తుంది. రెంటి ఫలితం ఒకటే.

విమర్శ వినేవారికీ ఒక మాట. మీ చిత్రాన్ని ఇతరులు చూస్తున్నప్పుడు వివరణ ఇవ్వకండి. మీరు పక్కన లేనప్పుడు చిత్రం ఏం చెబుతుందో తెలుసుకొనే అవకాశం అదొక్కటే. అన్నీ విన్నాక మీకు సరైనదనిపించినదే తీసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మీ మిత్రుడు తీసిన ఒక చిత్రాన్ని తీసుకొని పై అయిదు మెట్ల ప్రకారం ఒక పేజీ విమర్శ రాయండి. రాసినదాన్ని అతనికి చదివి వినిపించండి. అతను మరో ఫోటో తీయటానికి వెళ్లాడా, లేదా?

8. దృశ్యంలో మనుషులు, దృశ్యం వెనక మనుషులు

ఈ ప్రాంతంలో తీసే చిత్రాల్లో ఎక్కువగా కనబడే ఊహ ఒకటుంది. అడవి అంటే మనుషులు లేని చోటు అనే ఊహ. గూడెం చట్రంలోకి రాకుండా, పోడు చేను కనబడకుండా జరిగి జరిగి తీస్తారు. కానీ ఈ అడవిలో కోయలు తరతరాలుగా ఉన్నారు. వారు ఇప్పపూలు ఏరుతారు, వేసవిలో తునికాకు కోస్తారు. కాలిబాటలు, దేవర చెట్లు, కంచెలు అన్నీ వారి గుర్తులే. వారిని తొలగించి తీసిన అడవి అందంగా ఉండవచ్చు, నిజం కాదు. వారిని అలంకారంగా నిలబెట్టి తీసినది కూడా అంతే. అనుమతి అడగండి, పేరు అడగండి, తీసినది చూపించండి, వీలైతే ప్రింటు పంపండి. అభయారణ్యంలోకి వెళ్లేముందు అటవీ శాఖ నియమాలు తెలుసుకోండి.

రెండో సందర్భం వరద. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2022 వరదలో ఒక అభ్యాసకుడు తీసిన చిత్రం నా దగ్గరికి వచ్చింది. గోధుమ రంగు నీరు అంచు నుంచి అంచుకు పరుచుకొని, మబ్బుల సందు నుంచి ఎండ పడి మెరుస్తోంది. చూడటానికి చాలా అందంగా ఉంది. నాకు ఇబ్బందిగా అనిపించింది, ఎందుకో వెంటనే చెప్పలేకపోయాను.

అతన్ని అడిగాను, ఏం చూపించదలిచావని. "నీళ్లు ఎంత వచ్చాయో చూపించాలనుకున్నాను" అన్నాడు. చిత్రంలో అదే లేదు. కొలతకు ఆధారమేదీ లేక అది ప్రశాంతమైన చెరువులా ఉంది. మెడలోతు మునిగిన బస్టాపు బోర్డో, నీళ్లలోంచి పైకి తేలిన ఇంటి కప్పో చట్రంలో ఉంటే చూసేవారికి లోతు తెలిసేది. కొలమానం లేకపోవటం ఇక్కడ సాంకేతిక లోపం మాత్రమే కాదు, నైతిక లోపం కూడా. అలాగని పునరావాస కేంద్రంలో తల దించుకొని కూర్చున్నవారి ముఖాల మీదికి కెమెరా పెట్టడం పరిష్కారం కాదు. ఆ తరవాత నీరు దిగిపోయాక అతను తన ఇంటి గోడ మీద మిగిలిన బురద గీతను తీశాడు. గీత పక్కన వాళ్లమ్మ నిలబడి ఉంది. గీత ఆమె తలకు పైన ఉంది. ఇందులో ఎండ లేదు, మబ్బు లేదు. గోదావరి మొత్తం ఉంది.

9. సారాంశం

ప్రకృతి దృశ్య ఛాయాచిత్రంలో వెలుగు దిక్కును, వేళను, రుతువును తెలుపుతుంది. 17.7 డిగ్రీల అక్షాంశం వద్ద సంధ్య చిన్నది కాబట్టి ముందస్తు సంసిద్ధత అవసరం. వెలుగున్న భాగంలో వివరాన్ని కాపాడుకోవాలి. కూర్పులో ముందుగా కర్తను నిర్ణయించుకోవాలి. సూత్రాలు వ్యాకరణం వంటివి, ఔచిత్యాన్ని బట్టి వాటిని అనుసరించాలి లేదా దాటాలి. మౌనంగా చూడటం, కనబడినది చెప్పటం, ఉద్దేశం అడగటం, దూరాన్ని చూపటం, ఒక్క సూచన ఇవ్వటం సహృదయ విమర్శలోని అయిదు మెట్లు. దృశ్యంలోని మనుషులను తొలగించటం, అలంకారంగా వాడుకోవటం రెండూ దోషాలే.

10. ముఖ్య పదాలు

చట్రం: ఫోటోలో పట్టే దృశ్యపు హద్దు, ఫ్రేము.
కూర్పు: చట్రంలో వస్తువుల ఎంపిక, అమరిక.
దిగంత రేఖ: నేల లేదా నీరు ఆకాశంతో కలిసినట్టు కనబడే గీత.
ఔచిత్యం: సందర్భానికి తగి ఉండటం.
సహృదయుడు: కర్త చూపుతో చూడగల పాఠకుడు లేదా ప్రేక్షకుడు.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ప్రకృతి దృశ్య ఛాయాచిత్రంలో వెలుగు పాత్రను మీ ప్రాంతపు ఉదాహరణలతో వివరించండి.
2. సహృదయ విమర్శలోని మెట్లను పేర్కొని, ఒక చిత్రానికి అన్వయించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వరద చిత్రంలో కొలమానం లేకపోవటం నైతిక లోపం కూడా అని రచయిత ఎందుకన్నాడు?
2. పాపికొండల చిత్రంలో తువ్వాలును ఉంచటం మీకు సమ్మతమేనా? కారణాలు రాయండి.
3. 'పెన్సిలు గీత' ఉదంతంలో విమర్శకుడు చేసిన పొరపాటు ఏమిటి?

III. అభ్యాసం
మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే ఒక చోటును ఎంచుకోండి. అదే చోట నిలబడి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కొక్క ఫోటో చొప్పున ఏడు రోజులు తీయండి. ఇరవై ఒక్క చిత్రాల్లో ఒకదాన్ని ఎంచుకొని, మిగిలిన ఇరవైని ఎందుకు వదిలేశారో రాయండి. కౌన్సెలింగ్ తరగతికి ఆ ఒక్కటే కాదు, వదిలేసిన వాటిని కూడా తీసుకురండి. వాటిలో మీకు కనబడనిది మరొకరికి కనబడవచ్చు.